లిస్టులో లేని జ్వరం: రామగిరి కింద ఒక రోజు

కనకయ్య కాక కాలికి తుమ్మముల్లు దిగి చీము పట్టింది. ఆఫీసు నుంచి వస్తుందన్న జీపు రాలేదు. అందుకే నేను బయల్దేరాను. ఈ ప్రయాణానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు. ఈమధ్య రామగిరి ఖిల్లా ఎక్కడానికి వచ్చే పిల్లలు ఫోన్లో దారి అడుగుతుంటారు. ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎంత నడవాలి అని. నోటితో చెప్పమంటే నాకు ఇప్పటికీ మాట పెగలదు. కాబట్టి ఒక్క వేలితో ఒత్తుకుంటూ రాస్తున్నాను. దారి చెప్తాను. ఆ దారిలో మొదటిసారి ఎందుకు నడిచానో కూడా చెప్తాను. అది వదిలేసి దారి ఒక్కటే చెప్పడం నా వల్ల కాదు. ఇన్నేళ్ళయినా ఆ కోపం అరగలేదు.

డెబ్బైల మొదట్లో సంగతి. నాకు పదిహేడేళ్ళు. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. గోదావరిఖనిలో మలేరియా వాళ్ళ దగ్గర మందు కొట్టే కూలీగా ఉండేవాణ్ణి. ఒకరు బకెట్లో పంపు కొడుతుంటే ఇంకొకరు ఇంటి గోడల మీద డీడీటీ చల్లాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కాబట్టి నాకు ఆ పని ఇష్టం. మేము కొట్టిపోయిన మర్నాడే ఆడవాళ్ళు ఆ తెల్లమరకల మీద ఎర్రమట్టితో అలికేసేవాళ్ళు. మందు మట్టి కిందికి, దోమలు మట్టి మీదికి. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు, ఎందుకు అలకకూడదో వాళ్ళకు చెప్పిన మనిషి ఎవరు? ఆఫీసు కాగితంలో మాత్రం అది మందు కొట్టిన ఇల్లు.

మా పక్క గుడిసెలో ఉండే కనకయ్య కాకది వేరే పని. ఊరూరా తిరిగి చలిజ్వరం ఉన్నవాళ్ళను వెతకాలి. వేలు గుచ్చి, ఒక చుక్క రక్తం స్లైడు మీద, అంటే చిన్న గాజు పలక మీద పట్టాలి. పలక మీద పేరు, ఇంటి నంబరు రాయాలి. అప్పటికి నాలుగు చేదు గోలీలు ఇచ్చి రావాలి. ఆ పలకలు బ్లాకు ఆఫీసుకు పోతాయి. అక్కడ ఎవరో ఒకాయన వాటిని మైక్రోస్కోపు అనే దుర్బిణిలో చూసి, జ్వరం పురుగు ఉన్నవాళ్ళ పేర్లు లిస్టు చేసి పంపుతాడు. అప్పుడు మళ్ళీ ఆ ఊరికి పోయి, వాళ్ళ ఎదురుగా నిలబడి ఐదు రోజుల పాటు అసలు గోలీలు మింగించాలి. కాక కింద పద్నాలుగు ఊళ్ళు ఉండేవి. కాళ్ళు రెండే. సైకిలు మంజూరైందని రెండేళ్ళుగా చెప్తూనే ఉన్నారు. "కాయిదం మీద తొక్కుతున్న పిలగా, బ్రేకులు గూడ మంచిగున్నయి" అనేవాడు కాక.

ఆ సాయంత్రం కాక నన్ను పిలిచి సంచీ చేతికిచ్చాడు. బండకిందిపల్లె నుంచి రక్తం తెచ్చి ఆరు వారాలైంది, ఇప్పుడొచ్చింది లిస్టు. తొమ్మిది పేర్లు. ఆరు ఇళ్ళున్న పల్లెలో తొమ్మిది మందికి జ్వరం.

"ఓదెలూ, రేపటిసంది నువ్వే పోవాలె."

"నేనా? నాకు మాట్లాడరాదు కాకా."

"మాట్లాడుడు ఏముంటదిరా? పేరు పిలువు, గోలీ మింగియ్యి, ఏలిముద్ర ఏయించుకో. మూడు ముచ్చట్లు యాదికుంచుకో. కాళీ కడుపున ఇయ్యద్దు, కక్కుతరు. కడుపుతోటి ఉన్న ఆడోళ్ళకు గీ చిన్న గోలీ అసలే ఇయ్యద్దు, పానం మీదికస్తది. ఇగ లిస్టుల పేరు లేనోనికి దేవుడచ్చి అడిగినా ఒక్కటియ్యకు. లెక్క తప్పితే ఇద్దరి కొలువు పోతది."

లిస్టు ఇచ్చేటప్పుడు కాక నా మొహం చూడలేదు. కాలు సలుపుతోంది కాబోలు అనుకున్నాను.

పొద్దున ఐదున్నరకు బయల్దేరాను. మొదటి షిఫ్టు వాళ్ళు బొగ్గు బావుల వైపు పోతున్నారు, నేను బస్సు ఆగే చోటికి పోతున్నాను. మంథని పోయే బస్సు ఆరింటికి. కమాన్‌పూర్ దాకా అరవై పైసలు తీసుకున్నారు. ఇప్పుడైతే ఆ దారిలో బస్సులు, ఆటోలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. సెంటినరీ కాలనీ క్వార్టర్లు వరుసగా కనిపిస్తాయి. అప్పుడు అక్కడ మోదుగు చెట్లూ తంగేడు పొదలూ తప్ప ఏమీ లేవు. నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు టికెట్ చింపుతూ దాన్ని వేలితో పొడిచాడు.

"ఏందిరా గండ్ల, సారానా?"

"గోలీలు. సలిజరం గోలీలు."

"గట్లయితే నాకోటియ్యి. మా డిపో సారును జూస్తె సాలు, నాకు సలే!"

బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగాను.

కమాన్‌పూర్‌లో ఏడు దాటింది. అక్కడ చాయ్ తాగి, కంకర లారీ కోసం చూడమని కాక చెప్పాడు. రామగిరి వైపు కొత్త రోడ్డు వేస్తున్నారు, లారీలు ఖాళీగా పోయి నిండుగా వస్తాయి. ఒక డ్రైవరు డబ్బులేమీ అడగకుండా ఎక్కించుకున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను. ఆయన స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు.

"బండకిందిపల్లెనా! ఆడ ఇల్లరికం అల్లుడొకడున్నడు, సమ్మయ్యని, మా దగ్గర కంకర కొడ్తడు. ఒకనాడు పనికస్తడు, ఒకనాడు పంటడు. మళ్ళొకనాడు అస్తడు, మళ్ళొకనాడు పంటడు. మా మేస్త్రి వాన్ని ఏమని పిలుస్తడెరికేనా? 'ఇడిసి ఇడిసి' అని."

"ఎందుకు పంటడు?"

"ఎందుకేంది? అత్తింటి కూడు. పనికచ్చిన్నాడు ఇద్దరి పని చేస్తడు, పన్ననాడు దుప్పటి కప్పుకొని పెండ్లికొడుకు లెక్క పంటడు. జరమంట! రోజిడిసి రోజచ్చే జరం యాడన్న ఉంటదా?"

నేనూ నవ్వాను. మలేరియా సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ మాటకు నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రోజు విడిచి రోజు, ఒకే వేళకు వచ్చేదే ఆ జ్వరం అని నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. నేను ఆ పనిలో చేరి రెండేళ్ళు. మందు ఎట్లా కలపాలో నేర్పారు. ఆ మందు ఏ జ్వరం మీదికో, ఆ జ్వరం ఎట్లా ఉంటుందో నేర్పాలని ఒక్క సారుకూ తోచలేదు.

రాళ్ళు కొట్టే చోట లారీ ఆగింది. అక్కడి నుంచి రెండు కోసుల, అంటే నాలుగు మైళ్ళ నడక. కుడి చేతి వైపు రామగిరి గుట్ట పెట్టుకుని నడిస్తే దారి తప్పదు, ఇప్పుడైనా అంతే. ముందు రాత్రి వాన పడింది, నల్లరేగడి చెప్పులను పట్టి లాగుతోంది. చెప్పులు విప్పి చేత పట్టుకున్నాను. మధ్యలో వాగు. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. సంచీ నెత్తిన పెట్టుకుని, అడుగు అడుగు తడుముకుంటూ దాటాను. ఇట్లాంటి వాగులు దాటి కాక పద్నాలుగు ఊళ్ళు తిరగాలి. ప్రతి నెలా ఇన్ని పలకలు తేవాలని ఆఫీసులో లెక్క కట్టిన మనిషి ఈ వాగు ఒక్కసారి చూశాడా? వర్షాకాలంలోనే జ్వరం ఎక్కువ, వర్షాకాలంలోనే జీపు షెడ్డు దాటదు.

బండకిందిపల్లె చేరేసరికి పదకొండున్నర. గుట్ట వాలులో ఆరు ఇళ్ళు, ఒక్కో తలుపు పక్కన జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో ఒక్కో నంబరు. అందరూ చేన్లలో ఉన్నట్టున్నారు. నాలుగో నంబరు ఇంటి ముందు ఒక ముసలమ్మ పెసరకాయ ఒలుస్తోంది. నేను వాకిట్లో నిలబడి లిస్టు తీశాను.

"ఏంది పిలగా, జొన్న చేన్ల దిష్టిబొమ్మ లెక్క నిలవడ్డవు? అప్పడిగేటోనివా, అమ్మేటోనివా?"

"మలేరియా..." అన్నాను. లిస్టులో మొదటి పేరు చదివాను.

"వాడా? బెల్లంపల్లికి పోయి రెండు నెలలాయె. ఆడ బాయిల దిగుతున్నడు."

రెండో పేరు చదివాను. ముసలమ్మ చేతిలో పెసరకాయ ఆగిపోయింది.

"మల్లా చదువు."

మళ్ళీ చదివాను.

"వాడు నా మరిది. పోయిన బతుకమ్మకు ముందే సచ్చిపాయె. వానికి గూడ జరమచ్చిందా? కాష్టంల వడుకుతున్నడా?"

మూడో పేరు రాజవ్వ. చదివాను.

"నేనే," అంది. లేచి, కొంగు దోపుకుని, చెయ్యి నా ముందుకు చాపింది. "పట్టు. పట్టి సూడు. జరమున్నదా? పొద్దుగాల గంపెడు పెసరకాయ తెంపుకచ్చిన. నా ఒంట్ల జరం నాకెరికలేదు, నీకెట్లెరికైందిరా?"

"రక్తంల తేలిందవ్వా. నీ ఏలు గుచ్చి తీస్కపోయిన్రు గద."

"నా ఏలు ఎవడు గుచ్చిండు? గుచ్చితె ఊకుంటనా?"

నాకు ఏం చేయాలో తోచక నాలుగో పేరు చదువుతూ గోలీల పొట్లం విప్పాను. లచ్చి. రాజవ్వ కూతురు. "గదో, అస్తుంది" అని రాజవ్వ దారి వైపు చూపించింది. బిందె చంకన పెట్టుకుని ఒక అమ్మాయి వస్తోంది. బిందె ఒక వైపు, కడుపు ఒక వైపు. ఏడో నెలో, ఎనిమిదో నెలో. చిన్న గోలీలు నా అరచేతిలో ఉన్నాయి. పేరు పిలువు, మింగియ్యి, వేలిముద్ర వేయించుకో, అంతే కదా నా పని. ఆ పిల్ల గడప లోపల ఉండి, చీకట్లో చెయ్యి మాత్రం చాపి ఉంటే ఇచ్చేసేవాణ్ణి. పొట్లం మళ్ళీ కట్టేశాను.

"అక్కా, నీ ఏలు గుచ్చిన్రా ఎవరన్న?"

"నాది గుచ్చలే తమ్మీ. గా దినం మేమందరం కలుపుకు పోయినం. మా ఇంటాయన ఒక్కడే ఉన్నడు. ఆయనయే గుచ్చిండట," అంది లచ్చి, ఇంటి వెనక కొట్టం వైపు చూస్తూ.

"ఆ, ఉన్నడు మా దొర!" అంది రాజవ్వ గొంతు పెంచి, కొట్టంలోకి వినబడేటట్టు. "ఒకనాడు పని, ఒకనాడు పండుగ. ఇయ్యాల పండుగ. గా రోలు సూడు. ఇంటి నీడ రోలు దాక రాంగనే షురూ చేస్తడు. గడియారం పెట్టుకొని వడుకుతడు."

ఇంటి నీడ అప్పుడు రోలుకు జానెడు దూరంలో ఉంది. నేను కొట్టంలోకి వెళ్ళాను. అది గొడ్ల కొట్టం, ఒక పక్క తడకలు కట్టి కాపురం పెట్టుకున్నారు. తలుపు పక్కన నంబరు లేదు. లోపల సమ్మయ్య గొంగడి ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు, బస్సు కోసం చూసే మనిషిలా. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"నువ్వు రక్తం సారువా?" అన్నాడు.

"ఆయన రాలే. నేనచ్చిన. అన్నా, నీయి ఎన్ని వేళ్ళు గుచ్చిండు?"

రెండు చేతులూ చాపి, ఎడమ చేతి చిటికెనవేలు ఒక్కటి మడిచాడు. "గిదొక్కటి ఇడిసిండు. కంకర చేతులు గద, తోలు మందం. ఏలుకొక్క సుక్కనే అచ్చింది. నేను గిది గూడ గుచ్చుమన్న. ఎంత రక్తం పోతే అంత జరం పోతదనుకున్న. ఆయనే సాలన్నడు."

తొమ్మిది వేళ్ళు. తొమ్మిది పేర్లు. నాలుగో తరగతి చాలు ఆ లెక్కకు.

"నీ పేరు రాసుకోలేదా?"

"అడిగిండు, చెప్పిన. ఇంటి నంబరేందన్నడు. కొట్టానికి నంబరేడిదన్న. సప్పుడు చెయ్యలే. నాలుగు గోలీలిచ్చిండు. పది దినాలు మంచిగనే ఉంటి. మల్ల మోపైంది."

మాట పూర్తి కాకముందే అతని పళ్ళు టకటకమన్నాయి. నేను వెనక్కి తిరిగి చూశాను. నీడ రోలును తాకింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ మనిషి గొంగడి కప్పుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, తడకలు ఊగేటట్టు వణికాడు. లచ్చి వచ్చి తన పాత చీర కూడా కప్పి, మీద చేతులు వేసి పట్టుకుంది. నేను చూడలేక బయటికి వచ్చాను. నా సంచీలో తొమ్మిది మందికి సరిపోయే గోలీలు ఉన్నాయి. చచ్చినవానికి ఉన్నాయి, ఊళ్ళో లేనివానికి ఉన్నాయి, కడుపుతో ఉన్న పిల్లకు ఉన్నాయి. ఆ రక్తం ఎవరిదో అతనికి లేవు. జ్వరం అతనిది, పేరు వాళ్ళది.

"అవ్వా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నీ అల్లుడు పనిదొంగ కాదు. గా జరం గట్లనే అస్తది. నీ పేరు మీద రాసింది ఆయన రక్తమే. తొమ్మిది మంది పేర్ల మీద రాసింది ఆయనొక్కని రక్తమే."

రాజవ్వ తల అటు తిప్పింది. కొట్టంలోంచి పళ్ళ చప్పుడు వినబడుతోంది.

"నెల దాటింది," అంది. "పన్ననాడు నేను గట్క పెట్టలే వానికి. పనిచెయ్యనోనికి తిండెందుకని. లచ్చి దొంగసాటుగ పెడ్తుంటె అది గూడ తిట్టిన." చేతిలోని పెసరకాయలు చాటలో పడేసింది. "మరి ఇయ్యి గోలీ. సూస్తున్నవేంది?"

"లిస్టుల ఆయన పేరు లేదవ్వా. ఇస్తే కొలువు పోతది. నాది, మా కాకది."

"పేరే గద గావాలె? నా పేరున్నది గద! నా పేరు వానికియ్యి. నా రక్తమని వాని రక్తం తీస్కపోతె సెల్లింది, నా గోలీ వాడు మింగితె సెల్లదా? ఏడెయ్యాలె ఏలిముద్ర?"

కాక చెప్పిన మూడో ముచ్చట గుర్తొచ్చింది. మొదటిది కూడా గుర్తొచ్చింది. ఖాళీ కడుపున ఇవ్వొద్దు. అది చెప్పగానే రాజవ్వ లోపలికి వెళ్ళింది. గట్కలో, అంటే జొన్న సంకటిలో మజ్జిగ పోసి, ఉల్లిగడ్డ చితగ్గొట్టి, గిన్నె తానే పట్టుకుని కొట్టంలోకి నడిచింది. వణుకు తగ్గి ఒళ్ళు కాలే దశకు వచ్చిన అల్లుడు అత్తను చూసి లేవబోయాడు.

"పండుకో పండుకో. ఎన్నడు లేంది ఇయ్యాల మర్యాదొచ్చింది నీకు," అంది. ముద్ద ముద్దా కలిపి ఇచ్చింది. తరవాత నేను గోలీలు ఇచ్చాను, ఎదురుగా నిలబడి మింగించాను. రాజవ్వ బొటనవేలు కాగితం మీద పడింది. నాకూ ఒక గిన్నె గట్క పెట్టింది. మూడింటికి మళ్ళీ వాగు దాటాను.

లారీ దొరకలేదు. కమాన్‌పూర్ దాకా నడిచి, బస్సెక్కి గోదావరిఖని చేరేసరికి దీపాలు పెట్టే వేళ. ఇంటికి పోకుండా కాక గుడిసెకు పోయాను. ఆయన కాలు పీట మీద పెట్టుకుని వేపాకు నీళ్ళతో కడుక్కుంటున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"తొమ్మిది వేళ్ళు గుచ్చినవా కాకా?"

కాక చెంబు కింద పెట్టాడు.

"నెలాకరురా అది. గా ఊరికి పోయేసరికి ఒక్కడే ఉన్నడు. మల్ల పోవాలంటె మల్ల గా వాగు. స్లైడ్లు తక్కువైతె పెద్దసారు అందరి ముంగట నిలవెట్టి తిడ్తడు. జరం దొరకలేదంటె తిరగలేదన్నట్టేనంటడు. నంబరు లేనోని పేరు రాస్తే స్లైడు వాపస్ పంపుతరు, అది లెక్కల పట్టరు. గందుకే పాత రిజిస్టర్ల ఉన్న పేర్లు ఎక్కిచ్చిన. ఏం జెయ్యమంటవు?"

"వానికి జరమని నీకెరికనేనా?"

"ఎరికే."

ఆ ఒక్క మాట నాకు కంకరరాయిలా తగిలింది. ఏదో అనాలనుకున్నాను. ఎదురుగా ఆ కాలు ఉంది, అరికాలంతా పగుళ్ళు, మధ్యలో చీము. ఆ కాలికి మందు వేసే దిక్కు కూడా లేదు ఆయనకు. "లచ్చి పేరు గూడ రాసినవు. ఆమె కడుపుతోటున్నది," అని మాత్రం చెప్పి వచ్చేశాను. కాక ముఖం తెల్లబోవడం వెళ్తూ వెళ్తూ చూశాను.

మరో నాలుగు రోజులు అదే దారిలో తిరిగాను. మూడో రోజు మళ్ళీ జ్వరం రావలసిన రోజు. నేను చేరేసరికి సమ్మయ్య రోలు పక్కనే కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో గొంగడి. లచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది. రాజవ్వ చాట ముందు పెట్టుకుంది కానీ చేతులు కదలడం లేదు. నలుగురం నీడను చూస్తున్నాం. అది రోలు అంచును తాకింది. రోలు మధ్యకు వచ్చింది. రోలు దాటి మట్టి మీదికి పాకింది. సమ్మయ్య తన చేతులు చూసుకున్నాడు. వణకలేదు.

"ఇంగ కూసున్నవేంది?" అంది రాజవ్వ, ముక్కు చీదుకుని. "గొంగడి లోపట పెట్టు. కంకరకు రేపు పోదువు గని, ఇయ్యాల తిని పండుకో."

ఆరో రోజు బ్లాకు ఆఫీసుకు పోయాను. నిజం చెప్పమని, తన పేరే చెప్పమని కాక చెప్పి పంపాడు. పెద్దసారు టేబుల్ మీద లిస్టు పెట్టాను, మిగిలిన ఎనిమిది మంది గోలీలు పెట్టాను. ఎందుకివ్వలేదని అరిచాడు. వాళ్ళకు జ్వరం లేదన్నాను. నువ్వు డాక్టరువా అన్నాడు. అప్పుడు మొత్తం చెప్పాను, నేల చూస్తూ, తడబడుతూ, కానీ ఏమీ వదలకుండా. ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"గిది రాస్తే ఎంక్వయిరీ అస్తది. నీ కాక పోతడు, నేను పోత, నువ్వు పోతవ్. గా సమ్మయ్య ఎవడు? రిజిస్టర్ల లేడు. లేనోనికి జరమెట్లస్తది?"

నా ముందే పెన్ను తీసుకుని మిగిలిన ఎనిమిది పేర్ల ఎదురుగా 'పూర్తి' అని రాశాడు. చచ్చినవాని పేరు ఎదురుగా కూడా రాశాడు. గోలీలు సొరుగులో వేసి మూశాడు. పక్క ఊళ్ళలో అవే గోలీల కోసం జనం వణుకుతూ కూర్చున్నారు. పైగా, ఆ పల్లెలో అంత జ్వరం దొరికింది కాబట్టి వచ్చే నెల కనకయ్య ఇంకా ఎక్కువ పలకలు తేవాలని చెప్పి పంపాడు.

నాకు ఇంకేం చేతనవుతుంది? మర్నాడు నా సొంతంగా బండకిందిపల్లెకు పోయాను. కాక సంచీలోని జాజు, కుంచె తీసుకుపోయి కొట్టం తలుపు పక్కన పెద్దగా ఏడు అంకె వేశాను. సమ్మయ్య కాసేపు చూసి "గిదేంది?" అని అడిగాడు. "నువ్వే," అన్నాను. రెండు నెలలకు మందు కొట్టేవాళ్ళు వచ్చారు, ఆ గుంపులో నేనూ ఉన్నాను. మేస్త్రి అంకె చూశాడు, పుస్తకంలో ఏడో ఇల్లు రాసుకున్నాడు, ఇంటివాని పేరు అడిగి రాసుకున్నాడు. ఎవరేశారని అడగనే లేదు. కళ్ళ ముందు వణికిన మనిషిని నమ్మని ఆఫీసు, గోడ మీద అంకెను ఒక్క మాట లేకుండా నమ్మింది. ఆ సాయంత్రం రాజవ్వ నాకు పెసరకాయ మూట కట్టిచ్చి, ఈసారి గోడలు అలకనని మాట ఇచ్చింది.

కాక మీద కోపం కొన్నాళ్ళకు పోయింది. ఆయన కాళ్ళను చూసినవాళ్ళెవరికైనా పోతుంది. ఆ సొరుగు మీద కోపం మాత్రం పోలేదు. రామగిరి ఖిల్లాకు వచ్చే పిల్లలు గుట్ట మీది నుంచి ఫోటోలు తీసి పంపుతుంటారు, చాలా పచ్చగా ఉందని రాస్తుంటారు. నిజమే, వానలు పడ్డాక అంత అందమైన చోటు మా వైపు ఇంకోటి లేదు. నేను మాత్రం ఆ ఫోటోల్లో వాగు ఎక్కడుందో వెతుకుతాను, దాన్ని నెత్తిన సంచీతో దాటే ఆశా కార్యకర్త ఇప్పుడు ఎవరో, ఆమెకు నెలకు ఎన్ని పలకలు తెమ్మని చెప్పారో అనుకుంటాను. మీలో ఎవరైనా వానాకాలంలో అటు పోయి వచ్చాక, రోజు విడిచి రోజు ఒకే వేళకు చలి పెడితే నవ్వేసి ఊరుకోకండి, వెంటనే రక్తం చూపించుకోండి. అప్పుడు ఒక్క పని చేయండి: ఆ గాజు పలక మీద మీ పేరు మీ కళ్ళ ముందే రాయించుకుని, చదువుకుని, అప్పుడే కుర్చీలోంచి లేవండి.